అది చెవులపిల్లి పువ్వు కాదు

కాలవ రేవు రెండో మెట్టు మీద కూర్చుని తూటికాడని బ్లేడుతో అడ్డంగా కోసి, తెగిన చోటు చూసేసరికి డిటెక్టివ్ దేవసహాయానికి తల కొట్టేసినట్టయింది.

కాడలో బెజ్జం ఉంది. ఒక చివర నోట్లో పెట్టుకుని ఊదితే రెండో చివరనుంచి గాలి రయ్యిన కొట్టింది. చిన్నప్పుడు ఈ కాడలతోనే నీళ్ళు పీల్చి ఒకళ్ళ ముఖాన ఒకళ్ళు ఊదుకుని తన్నులు తిన్నవాడే కదా, మరి నిన్న ఆ బుర్ర ఏ గంగలో కలిసిందో!

నిన్న చచ్చిపోయిన మనిషి గుప్పిట విప్పి తీగముక్క తీసినప్పుడు అది తన వేళ్ళమధ్య చదునుగా అణిగిపోయింది. అణిగిందని చేతికి తెలిసింది, మనిషికి తెలియలేదు. గట్టి కాడైతే అలా అణగదు. లోపల డొల్ల ఉంటేనే అణుగుతుంది. అంటే అది సముద్రపుటొడ్డున ఇసుకలో పాకే చెవులపిల్లి తీగ కాదు. కాలవ నిండా పెరిగే మామూలు తూటి. అది చెవులపిల్లి అని తను చెప్పిన ఒక్క మాటకి ఒక ఆడపిల్ల రాత్రంతా స్టేషన్లో ఉంది, ఇవాళ మధ్యాహ్నం కోర్టుకి వెళ్ళబోతోంది.

కాళ్ళు కడుక్కుందామని దిగేడు గాని, దిగకపోతే ఇదీ తెలిసేది కాదు. నీళ్ళమీద ఆ గట్టునుంచి ఈ గట్టుదాకా ఊదాపువ్వులే. గరాటా ఆకారం, గొంతులో ముదురు రంగు. నిన్న తను చేతిలో పట్టుకుని తిప్పి తిప్పి చూపించిన పువ్వుకీ వీటికీ వెంట్రుకవాసి తేడా లేదు. ఇల్లు దాటి పాతికడుగులు వేసుంటే చాలు. వెయ్యలేదు. ఎందుకు వేస్తాడు? నిన్న తను కుర్చీలో ఉన్నాడు!

ఉప్పెన వెళ్ళిన మరుసటి ఏడు వచ్చిన కార్తీకం అది. పలివెల దాటేక కాలవగట్టున ఉన్న ఆ అగ్రహారంలో బాలగంగాధరం గారంటే మూలికావైద్యుడని చుట్టుపక్కలంతా పేరు. భార్య పోయేక తమ్ముడి దగ్గరే ఉంటున్నారు. నెలంతా తెల్లారకుండా కాలవలో స్నానం చేసే అలవాటు. నిన్న పొద్దున్న పెరటి వసారాలో, తల వెనక దెబ్బతో చచ్చి పడి ఉన్నారు. గుప్పిట్లో ఆకు లేని తీగముక్క, దానికో పువ్వు. తమ్ముడు జగన్మోహనరావు పోలీసులకి కబురంపేడు. వాళ్ళతోపాటే, వేరే పనిమీద కాకినాడనుంచి వచ్చి అమలాపురం లాడ్జీలో దిగిన దేవసహాయానికి టాక్సీ పంపించేడు.

టాక్సీ దిగగానే, "రండి దేవసహాయం గారూ, ఇలా దయచేయండి" అంటూ వీధి అరుగు మీద కుర్చీ వేసేరు. దేవసహాయం తండ్రి ఏసుదాసు ఇక్కడికి రెండు ఊళ్ళ అవతల చేలల్లో గట్లు వేసిన కూలి. ఆయన జీవితంలో ఇలాంటి అరుగుల ముందునుంచి చెప్పులు చేత్తో పట్టుకు నడిచేడు గాని, ఎక్కలేదు. ఆ కొడుకు ఆ అరుగెక్కి, చేతులున్న కుర్చీలో కూర్చుని, కాలుమీద కాలు వేసుకున్నాడు. వేసుకున్నాక గొంతు పెరిగింది.

"చూడండి," అన్నాడు పువ్వు పైకెత్తి. "లేత ఊదా. గొంతులో ముదురు నక్షత్రం. రేకుల మీద ఇసుక. బాబూ, దీన్ని చెవులపిల్లి తీగ అంటారు. సముద్రపుటొడ్డు దాటితే బతకదు. ఈ ఊళ్ళో ఇది మొలిచే చోటు లేదు. మరి ఓడలరేవు వేపునుంచి నిన్నా ఇవాళా ఈ ఇంటికి ఎవరొచ్చేరు?"

జనం ఆ అన్నారు. ఇన్‌స్పెక్టరు గౌరీశంకరం కూడా నోరు తెరిచేడు. తలకాయలన్నీ ఒకేసారి వీధి చివర నిలబడి కళ్ళు తుడుచుకుంటున్న పుష్పలత వేపు తిరిగేయి.

ఓడలరేవులో చిన్నబడి టీచరు పుష్పలత. వాళ్ళమ్మ అమ్మాజీ కీళ్ళనొప్పులతో మంచం పడితే లేపి నడిపించినవాడు బాలగంగాధరం గారే. అప్పటినుంచీ ఆయనకి కావలసిన చెవులపిల్లి తీగ ఇసుకలో ఏరి కట్టకట్టి తెచ్చిస్తోంది. మొన్న రాత్రి బండారులంకలో మేనత్త ఇంట్లో పడుకుని, నిన్న మొదటి బస్సుకి వచ్చి కట్ట ఇచ్చి వెళ్ళిపోయింది. తరవాత ఆయన పోయేరని విని ఏడుస్తూ వెనక్కి వచ్చింది. వచ్చినదాన్ని పట్టుకున్నారు. మందుల గుట్టు చెప్పమంటే ఆయన చెప్పలేదుట, అందుకు రాయెత్తి కొట్టిందిట, పెనుగులాటలో ఆయన చేతికి పువ్వు చిక్కిందిట. అంతా అయిదు నిమిషాల్లో తేలిపోయింది. "నేను కట్ట ఇచ్చేసి వెళ్ళిపోయేనండీ" అని ఒక్క మాట అంది. ఆ మాట ఎవరు విన్నారు గనక!

దేవసహాయం మెట్టుమీంచి లేచేడు. చెవులు కాలిపోతున్నాయి. సిగ్గుపడుతూ కూర్చుంటే పిల్ల బయటికి రాదు, ముందు కళ్ళు తెరిచి చూడు అని తనని తనే తిట్టుకున్నాడు.

రెండో మెట్టు పక్కన తూటిపొద ఒకటి వేళ్ళతో సహా సగం పైకొచ్చి ఉంది. ఎవరో గుప్పిటతో పట్టుకు లాగిన పొద. మెట్టు అంచున రాతి సందులో నల్లటి చార. పైనంతా కడిగేరు, సందు కడగలేదు. రేవునుంచి వసారాకి వెళ్ళే దారిలో పెరటిగోడ పూతకని పోయించిన ఇసుకగుట్ట. దాని కొస చదునుగా ఈడ్చుకుపోయి ఉంది. చిటికెడు తీసి నాలిక మీద వేసుకున్నాడు. ఉప్పు లేదు. గోదారి ఇసుక. నిన్న రేకుల మీది ఇసుక కూడా ఇలాగే నాలిక మీద వేసుకోవచ్చు. వేసుకుంటే అంత ఉపన్యాసం ఉండేది కాదు.

అయితే మనిషి పోయింది వసారాలో కాదు, ఇక్కడ. పడుతూ చేతికందిన తూటి పట్టుకున్నాడు. ఎవరో ఇసుక మీంచి మోసుకెళ్ళి వసారాలో పడుకోబెట్టేరు. పుష్పలత ఒక్కతీ ఆ మనిషిని మొయ్యలేదు. మోసే పనీ లేదు, ఆమెకి పరిగెత్తి పోవడమే పని.

వసారా చివర పుష్పలత తెచ్చిన కట్ట అలాగే ఉంది. పువ్వు దొరికిందని మురిసిపోయి పోలీసులు దీన్ని వదిలేసేరు. ఇంట్లోవాళ్ళు ఎలాగూ ముట్టరు. దేవసహాయం గొంతుక్కూర్చున్నాడు. మేకగిట్టలా కొస చీలిన దళసరి ఆకులు. తీగ గట్టిగా తాడులా ఉంది. కోసి చూస్తే బెజ్జం లేదు. మందుకి పువ్వు అక్కర్లేదని పుష్పలత పువ్వులన్నీ తుంచేసే తెచ్చింది. కట్ట మొత్తం వెతికినా ఒక్క పువ్వు లేదు.

కాని ఆకుల మీద చుక్కలున్నాయి. ఎండిపోయిన పచ్చటి చుక్కలు. గోటితో గీకి వాసన చూసేడు. పసుపు.

ఆ వాసన దేవసహాయానికి ఒకరు చెప్పక్కర్లేదు. వాళ్ళమ్మ దానం కూరగాయల గంప తెచ్చి ఇలాంటి పెరటి గుమ్మాల్లో దింపేది. దింపి, నాలుగడుగులు వెనక్కి జరిగి నిలబడేది. లోపలినుంచి చెంబు పట్టుకుని ఒకావిడ వచ్చి గంపమీద పసుపునీళ్ళు చల్లేది. అప్పుడు సరుకు శుద్ధి అయి లోపలికి పోయేది. అమ్మ చెంగు పట్టుకుని అది చూసిన చుక్కలే ఇవీను.

తలెత్తేసరికి ఎదురుగా పెరట్లో ఎండలో కుర్చీ కనిపించింది. నిన్న తను కూర్చున్న చేతుల కుర్చీ. కడిగి ఆరబెట్టేరు. కింద నేల ఇంకా తడిగా ఉంది. దేవసహాయం గబుక్కున ముఖం తిప్పేసుకున్నాడు, ఎవరైనా చూసేరేమోనని. తను చూసినట్టు వాళ్ళు చూస్తే ఇంకా అవమానం అనిపించింది. ఎందుకో ఏమిటో, తప్పు చేసినవాడిలా ఉంది తన వాటం.

వంటింటి గుమ్మంలోంచి జగన్మోహనరావు భార్య శ్యామలాంబ వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. రాత్రి నిద్రలేదని కళ్ళే చెబుతున్నాయి. ఆయన్ని చూసి కొంగు భుజం చుట్టూ లాక్కుంది.

"అమ్మా, రెండు ముక్కలు అడగాలండీ. నిన్న పొద్దున్న మీరెక్కడున్నారు?"

"దేవుడి గదిలోనండీ. దీపం పెట్టుకుంటున్నాను."

"పుష్పలత రావడం చూసేరా?"

"లేదండీ."

"కట్ట ఇక్కడెవరు పెట్టేరు?"

"తనే పెట్టుంటుందండీ. ఎప్పుడూ అక్కడే పెడుతుంది."

"ఎప్పుడూ పెట్టేక ఏం చేస్తారు?"

శ్యామలాంబ కాలిబొటనవేలితో నేల గీస్తూ, "లోపలికి తీసుకెళతామండీ" అంది.

"అంతకుముందు?"

ఆవిడ ముఖం ఎర్రబడింది. ఈ మనిషితో ఆ సంగతి ఎలా చెప్పడం అన్నట్టు అటూ ఇటూ చూసింది. దేవసహాయమే అన్నాడు.

"పసుపునీళ్ళు చల్లుతారు. మా అమ్మ గంపమీదా చల్లేవారు లెండి. నిన్న కట్ట లోపలికి వెళ్ళలేదు, చల్లడం మటుకు జరిగింది. మీవారు చల్లేరా?"

"ఆయనకి చెంబెక్కడుంటుందో కూడా తెలీదండీ," అనేసి నాలిక కరుచుకుంది.

"మరి ఇంట్లో మిగిలింది మీరేగా!" దేవసహాయం గొంతు తనకి తెలియకుండానే పెరిగింది. "ఆ పిల్ల వెళ్ళేక, ఆయన పోయేరని నలుగురికీ తెలిసేలోపల మీరీ వసారాలోకి వచ్చేరు. చెంబు తెచ్చి చల్లేరు. అప్పుడు రేవులో ఏం జరుగుతోందో మీరు చూసే ఉంటారు. చెప్పండమ్మా, ఎవర్ని చూసేరు?"

"ఏమిటండీ ఈ దబాయింపు?"

వెనకనించి జగన్మోహనరావు వచ్చి నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చేడో, ఎంత విన్నాడో తెలియదు. శ్యామలాంబ లోపలికి తప్పుకుంది.

"నిన్ననే తేలిపోయింది కదండీ, మళ్ళీ ఆడవాళ్ళనెందుకు ఇబ్బంది పెట్టడం?"

"తేలింది తప్పండీ. అది తూటి పువ్వు. మీ రేవులోదే. నాదే పొరపాటు."

జగన్మోహనరావు చిన్నగా నవ్వేడు. "ఏ పువ్వైతే ఏమిటండీ? చెప్పినవారు మీరు. అందుకే కదా కారు పంపి మరీ పిలిపించింది."

"అందుకే అంటే?"

"ఆ పిల్ల మీద మేం చెబితే కక్షకట్టేరంటారు. మీరు చెబితే ఇంక నోరెత్తేవాడెవడు? మీవాళ్ళమ్మాయినే మీరు..." అని ఆగి, "ఫీజు సంగతి సాయంత్రం చూద్దాం లెండి" అన్నాడు.

ఫెడీమని చెంప మీద కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. కాకినాడనుంచి ఇక్కడిదాకా తన పేరు పాకిందనుకున్నాడు వెర్రిబాగులవాడు. వాళ్ళకి కావలసింది తన తెలివి కాదు, తన పుట్టుక. దేవసహాయం కట్టలోంచి ఒక తీగ తీసి జేబులో పెట్టుకుని, మారు మాట్లాడకుండా నడిచేడు.

స్టేషన్లో గౌరీశంకరం బల్లమీద గాజుసీసా, అందులో తీగముక్క. ఇన్‌స్పెక్టరు మీసం దువ్వుకుంటూ లేచి మరీ స్వాగతం చెప్పేడు. నిన్న పొద్దున్న ఈయన్ని 'పువ్వుల పరిశోధకుడు' అని కానిస్టేబుళ్ళ ముందు ఎగతాళి చేసినవాడు.

"రండి రండి! మీ పువ్వే మా కేసు నిలబెట్టిందండీ."

"దాన్ని పడగొడదామనే వచ్చేను. నేను చెప్పింది తప్పు."

"అబ్బే, మీరు తప్పెందుకు చెబుతారండీ? 'సముద్రపుటొడ్డు దాటితే బతకదు' అన్నది మీరే. ఇసుక చూపించింది మీరే. పువ్వులతో హంతకుల్ని పడతారా అని నేనంటే, నలుగురిలో నన్ను చూసి నవ్వింది కూడా మీరే. ఏవోయ్ కనకరత్నం, నిజమా కాదా?"

"ఆయ్," అన్నాడు గుమ్మం దగ్గర కానిస్టేబులు.

"సీసా ఇలా ఇవ్వండి," అని దేవసహాయం మూత తీసి, ముక్క చివర బ్లేడుతో కోసి ఇన్‌స్పెక్టరు ముక్కు కిందికి జరిపేడు. "బెజ్జం కనిపిస్తోందా? ఇది తూటి. ఇదిగో, ఇది ఆ పిల్ల తెచ్చిన చెవులపిల్లి. కోస్తున్నాను చూడండి. గట్టి. పువ్వులు రెండూ ఒకలాగే ఉంటాయి, కాడ తేడా. తూటి వాళ్ళ రేవులోనే ఉంది, లాగేసిన పొద కూడా ఉంది. మెట్టుసందులో రక్తం ఉంది."

గౌరీశంకరం రెండు ముక్కలూ మార్చి మార్చి చూసేడు. అర్థమయింది. అర్థమయినట్టు కళ్ళలో కనిపించింది కూడాను. కనిపించి మాయమైంది.

"ఒక రోజు గడిచింది కదండీ, ఎండి డొల్లయి ఉంటుంది."

"చెవులపిల్లి ఎండితే తాడవుతుంది. గొట్టమవదు."

"నాకు పువ్వుల పాఠం చెప్పకండి!" ఇన్‌స్పెక్టరు బల్ల చరిచేడు. "నిన్నొక పాఠం, ఇవాళొక పాఠమా? పంచనామా మీద మీ సంతకం ఉంది. పై ఆఫీసుకి కబురు వెళ్ళిపోయింది. ఇప్పుడు నేను వెళ్ళి, అయ్యా డిటెక్టివుగారికి తూటికూరకీ దీనికీ తేడా తెలీక పొరపడ్డారు అని చెప్పనా? నా ముఖానా ఉమ్మేస్తారు, మీ ముఖానా ఉమ్మేస్తారు. రేపటినుంచి మీకు కేసిచ్చేవాడెవడండీ?"

దేవసహాయానికి కాకినాడలో గది, గుమ్మం మీద బోర్డు, పదేళ్ళ పేరు కళ్ళముందు తిరిగేయి. అవతల పిల్ల పీకమీదికి వచ్చి ఉంటే తనకి బోర్డు గుర్తొచ్చిందే అని మళ్ళీ సిగ్గేసింది. ఇవాళ ఇది ఎన్నోసారో లెక్కలేదు.

"ఆ అమ్మాయితో మాట్లాడాలి," అన్నాడు.

"మాట్లాడుకోండి. జీపు వచ్చేదాకానే."

పుష్పలత గదిమూల గోడకి ఆనుకుని కూర్చుంది. ఆయన్ని చూసి లేచి నిలబడి నమస్కారం పెట్టింది. ఆ నమస్కారానికి ఎక్కడికి పారిపోవాలో తెలియలేదు దేవసహాయానికి.

"నిన్న కట్ట ఇచ్చేనన్నావు కదమ్మా. ఎవరి చేతికిచ్చేవు?"

"పెద్దాయన చేతికేనండీ."

"నేలమీద పెట్టలేదా?"

"పెట్టబోయేనండీ, ఎప్పుడూలాగే. ఆయన స్నానం చేసి మెట్లెక్కి తడిబట్టలతోటే వచ్చి నా చేతిలోంచి తీసుకున్నారు. పౌర్ణమికి మందులపెట్టె నీకిస్తాను, నువ్వే నేర్చుకోవాలి, మా తమ్ముడికి మొక్కకీ మొక్కకీ తేడా తెలీదు అన్నారు. రేపట్నించి ముందు గుమ్మంలోంచి రా తల్లీ అన్నారండీ. నాకు భయమేసింది. ఎవరేనా వింటే ఆయనకే మాటొస్తుందని పరిగెత్తుకుని వెళ్ళిపోయేను."

"ఈ మాట నిన్న చెప్పలేదేం?"

"పోయిన మనిషండీ. ఆ వీధిలో ఆయన పరువు తియ్యడం ఎందుకనిపించింది."

"నిన్న నేను పువ్వు గురించి చెప్పింది తప్పమ్మా. అది తూటి."

"తెలుసండీ," అంది పుష్పలత.

"తెలుసా?"

"చూడగానే తెలిసిందండీ. రోజూ చూసే పువ్వులు కదా."

"మరి అక్కడే అనలేదేం?"

ఆమె తల వంచుకుంది. "అంతమంది పెద్దవాళ్ళు మిమ్మల్ని గారూ గారూ అంటున్నారండీ. మనవాళ్ళలో ఒకాయన్ని అలా అనడం నేను చూడ్డం అదే మొదలు. చూస్తే ఎంతో బాగుంది నాకు. నలుగురిలో కాదని ఈయన తల ఎలా దించుతాను అనుకున్నాను. నా మీదికి వస్తుందనుకోలేదండీ. వచ్చేక ఇంకేం చెప్పినా, తప్పించుకోడానికి చెప్పినట్టే కదా."

ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగేయి. బయట కారు ఆగిన చప్పుడయింది.

జగన్మోహనరావు భార్యని వెంటబెట్టుకు వచ్చేడు. ఇద్దరినీ కూర్చోబెట్టి గౌరీశంకరం కాగితం తీసేడు. శ్యామలాంబ నేలచూపులు చూస్తూ, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. కట్ట మీది పసుపు చుక్కలు నిన్నటివి కావుట. ఇల్లు శుద్ధి చేస్తూ రాత్రి పాలేరు చల్లేడుట. తను పొద్దున్న వసారాలోకే రాలేదుట.

దేవసహాయం కొయ్యబారిపోయేడు. పసుపు సంగతి వీళ్ళకి చెప్పిందెవరు? తనే! పొద్దున్న పెరట్లో, మొగుడు వెనకే ఉంటే, గొంతెత్తి, వేలు చూపించి, పూసగుచ్చినట్టు తనే చెప్పేడు. నిన్న అరుగు మీద చేసిందే ఇవాళ పెరట్లోనూ చేసేడు. తెలివి చూపించుకోవడం తప్ప ఇంకోటి చేతకాదా వీడికి!

"విన్నారు కదండీ," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఇంక దయచేయండి. కనకరత్నం, ఆ పిల్లని జీపెక్కించు."

స్టేషను ముందు జనం మూగి ఉన్నారు. అగ్రహారంనుంచి వచ్చినవాళ్ళు ఒక పక్క. బండారులంకనుంచి పుష్పలత మేనత్త సూర్యకాంతం, ఆమెతో వచ్చిన చుట్టాలు ఇంకో పక్క. పుష్పలత మెట్లు దిగుతుంటే మేనత్త భోరుమంది. ఆ ఏడుపు మధ్యలో ఆవిడ చూపు దేవసహాయం మీద పడింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

దేవసహాయం జీపుకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఆగండి!" అన్నాడు. నిన్నటి గొంతే, కాని నిన్నటి ఠీవి లేదు, చివర బొంగురుపోయింది. "నిన్న అరుగు మీద కూర్చుని నేను చెప్పింది మీరందరూ విన్నారు. అది తప్పు. అది చెవులపిల్లి పువ్వు కాదు, తూటి పువ్వు. ఆ ఇంటి రేవులోదే. పాతికడుగులు నడిచి కాలవ చూడని వెధవని నేను. ఈ పిల్లకీ ఆ చావుకీ సంబంధం లేదు."

"పక్కకి లాగండి ఆయన్ని!" గౌరీశంకరం మెట్లమీంచి అరిచేడు. అగ్రహారం వేపునుంచి ఎవరో నవ్వేరు. "పూటకో పువ్వా డిటెక్టివు గారూ?" అన్నారు.

"నవ్వండి. నవ్వాల్సిందే. కుర్చీ వేసేసరికి నా కళ్ళు నెత్తికెక్కేయి. నలుగురూ మెచ్చుకుంటారని మా పిల్లనే పట్టిచ్చేను." కానిస్టేబులు రెక్క పట్టుకుని గుంజుతున్నా ఆయన ఆగలేదు. "ఇంకోటి వినండి. ఈ అమ్మాయికి నిన్ననే తెలుసు అది తూటి అని. నా పరువు పోతుందని నోరు విప్పలేదు. పెద్దాయన తన చేతిలోంచి కట్ట తీసుకున్నారనీ, ముందు గుమ్మంలోంచి రమ్మన్నారనీ చెప్పలేదు, ఆయన పరువు పోతుందని! మా అందరి పరువూ కాచి తను జీపెక్కుతోంది. సిగ్గుండాలి మనకి!"

నవ్వులు ఆగిపోయేయి. మెట్ల మీద జగన్మోహనరావు భార్య చెయ్యి పట్టుకుని, "పద, పద" అంటున్నాడు. శ్యామలాంబ కదల్లేదు. మొదటిసారి తలెత్తి పుష్పలతని చూసింది.

"ముందు గుమ్మం మాట నువ్వెవరితోనూ అనలేదా?" అని అడిగింది.

"లేదండమ్మగారూ."

"శ్యామలా!" అన్నాడు మొగుడు పళ్ళ బిగువున. ఆవిడ చెయ్యి విడిపించుకుంది.

"పాలేరు చల్లలేదండీ," అంది. ఎవరితో చెబుతోందో తెలియకుండా, అందరికీ వినిపించేలా అంది. "నేనే చల్లేను. మా ఆయన్నేం అనకండి, ఆయన తరవాత వచ్చి మోసేరు, అంతే. ఆ పిల్ల వెళ్ళిపోయేక నేను రేవులోకి వెళ్ళేను. కట్ట బావగారి చేతిలో ఉంది. నేను లాక్కున్నాను. అది ముట్టుకున్నారు, మళ్ళీ మునిగి రండి, అలా ఇంట్లోకి రావద్దన్నాను. ఎందుకమ్మా అని నవ్వేరు. నవ్వుతూ పైకి వచ్చేస్తున్నారు. ఇంట్లోకే వచ్చేస్తున్నారు. నేను తోసేను."

గౌరీశంకరం మెట్టు మీదే నిలబడిపోయేడు. దేవసహాయం ఎవర్నో చూసిన సాక్షి అనుకున్నాడు ఈవిణ్ణి, పొద్దున్న.

"చచ్చిపోలేదండీ అప్పటికి," అంది శ్యామలాంబ. "తూటి పట్టుకుని లేవబోయేరు. అమ్మా శ్యామలా అని నన్ను పిలిచేరు. నాకు వినిపించింది. వినిపించినా కట్ట పట్టుకెళ్ళి వసారాలో పెట్టేను. చెంబు తెచ్చేను, పసుపు కలిపేను, కట్ట మీద చల్లేను. నా చేతుల మీదా చల్లుకున్నాను. అదంతా అయ్యేక వెళ్ళి, ఏమిటి బావగారూ అన్నాను. అప్పటికి ఆయన పలకలేదు."